తీవ్రత: తక్కువ

కాశిబుగ్గల కారం గిర్ని మీద అర్ర.
కింద మిర్చి దంచుతుంటె
మీద నేను తోడేళ్లను సంపుతుంట.
జీతానికి.

పన్నెండు తోళ్లు తెమ్మన్నడు ముసలి వేటగాడు.
ఎందుకో చెప్పడు.
పదకొండు దొరికినయి. పన్నెండోది
అడివంత గాలించినా పుట్టలే.
బయటికి పోయి మళ్ల లోపలికొస్తె
పాత జాగలనే పుట్టి నిలవడ్డది
పాపం, నా కోసమే.
తోళ్లిచ్చిన. ఆయన లెక్కవెట్టలే.
"ఇగ ఇరవై నక్కతోకలు" అన్నడు.

ఇంకో ఊర్లె ఒక సాధువును
కోట దాంక కాపాడి తీస్కపోవాలె.
నడిస్తె నాకంటె ముందు పోతడు,
ఉరికితె ఎనుకవడతడు.
ఆయన కాలుకు నా కాలుకు
కొలత కలిపి చూసినోడు ఎవ్వడూ లేడు.
దొంగలొస్తె కత్తికి ఎదురువోయి సస్తడు,
మొదటికాన్నించి మళ్ల అదే సామెత మొదలువెడతడు.
అది నాకు నిద్రల గూడ ఇనవడతది.

"ఈ రాత్రికే కోట కాలిపోతది, బిరాన రా" అన్నడు రాజు.
నేను నెల దినాలు చెర్ల చేపలు వట్టిన.
కోట కాలలే.
రాజు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉన్నది.

తొవ్వ పొడుగూత పసుప్పచ్చ బాణం.
బాణాన్నే సూస్కుంట పోయిన.
ఆ గుట్ట ఏ రంగుదంటె
ఇప్పటికీ చెప్పలేను.

ఇవన్ని రాస్త, నంబరేస్త, పంపుత.
సృజన్ సార్ సదివి "ఆటంటె గంతే" అంటడు.
అంతే అనుకున్న నేను గూడ,
వంతెన కాడి తల్లి దాంక.

"నా కొడుకు తప్పిపోయిండు, నువ్వన్న సూసినవా?"
మూడు గుట్టలెక్కి, గుహల రెండుసార్లు సచ్చి,
పోరన్ని తెచ్చి ఎదురుంగ నిలవెట్టిన.
యాభై నాణాలు ఇచ్చింది.
రెండడుగులు ఏసి, ఎందుకో ఎనుకకు తిరిగిన.
పోరడు ఆమె పక్కనే ఉన్నడు.
"నా కొడుకు తప్పిపోయిండు, నువ్వన్న సూసినవా?"

నిన్న గిర్ని ఓదెలు మామ పిలిచిండు.
"ఎనుమాముల మార్కెట్ల కాంట చిట్టి మర్శిన, తెస్తవా?
ఎర్ర గేటు. ముంగట కుంటి కుక్క ఉంటది."
గేటుకు నీలం రంగేసిండ్రు.
కుక్క లేదు.
గుమాస్త తినపోయిండన్నరు, పోచమ్మ మైదాన్ పొమ్మన్నరు,
ఆడ లేడు, మళ్ల ఈడికే వచ్చిన.
మిర్చి ఘాటుకు దగ్గి దగ్గి కూలవడితె
బస్తా మీద కూసున్న ఒక రైతు
తన నీళ్ల సీస నా దిక్కు జరిపిండు.
ఆయనకు నాతోని పనేం లేదు.
చిట్టి దొరికింది, రెండు కిలోల తరుగు ఎక్కువ రాసి.
కొట్లాడిన. ఓడిన.

మామ చిట్టి సూడలే, నా మొకం సూసిండు.
"కండ్లేంది గట్లయినయి? తిన్నవా?"
తరుగు సంగతి చెప్తె గుమాస్తను తిట్టిండు,
అడగరానట్టు అడిగినవని నన్ను గూడ జర తిట్టిండు.
ఇయ్యాల పొద్దుగాల మెట్ల కాడ ఆపి
"అవు మల్ల, ఆ కుక్క ఏమైందట?" అన్నడు.

నంబరు నూట పద్నాలుగు.
కొడుకు వచ్చిండని తల్లికి తెల్వాలె.
సార్ జవాబు: ఆడెటోడు ఎనుకకు తిరిగి సూడడు.
తీవ్రత గడిల "తక్కువ" అని నింపి
మూసెయ్యమన్నడు.

నింపలే.
తెర మీద ఆమె అడుగుతనే ఉన్నది,
పోరడు రెప్పలు కొడుతుండు.
కింద గిర్ని ఆగింది, గోడల వణుకు గూడ ఆగింది.
ఆ ఇద్దరి ముంగట కూసోని
బువ్వ గిన్నె ఇప్పిన.
రేపు మార్కెట్ దిక్కు పోవాలె,
కుక్క సంగతి కనుక్కోవాలె.