ఏడో నంబరు ఇల్లు

మౌంట్ రోడ్డులో మూతబడ్డ ఇన్సూరెన్సు ఆఫీసు, నాలుగో అంతస్తు.
టేపు ఒక కొస నా చేతిలో,
రెండోది వాచ్‌మన్ ఏళుమలై బొటనవేలి కింద.

కిటికీలన్నీ అంచునే.
వెలుతురు ఇరవై అడుగులు నడిచి చతికిలబడుతుంది.
ఆపైన ట్యూబులైటు వేస్తేనే పగలు.
ముప్పై ఏళ్ళు అక్కడ ఫైళ్ళు నిద్రపోయాయి, సరే,
మనుషుల్నెలా పడుకోబెట్టను?

నీళ్ళ గొట్టాలు ఒక్క మూలనే.
పద్నాలుగు వంటిళ్ళూ
పెళ్ళిబంతి చివర కూర్చున్నవాళ్ళలా
అటే మెడలు చాస్తున్నాయి.

"మూడున్నరకి ఎండ క్యాషియర్ బల్లదాకా వస్తుందమ్మా,
మార్గళిలో ఇంకాస్త లోపలికి."
ఏ నక్షాలోనూ లేని మాట.
అతను కాలితో చూపించిన చోట
సుద్దముక్కతో గీత గీశాను.
ఎవరిదో మంచం, అక్కడ.

రాత్రి, మధ్యలోని ఏడో నంబరు ఇంటిని
రబ్బరుతో చెరిపేశాను.
స్లాబు కోస్తే పైదాకా ఒట్టి ఆకాశం,
మిగిలిన పదమూడిళ్ళకీ గాలి.

పొద్దున్నే ఓనరు వరదన్ గారి ఫోను:
"ఆ ఆకాశం చదరపు అడుగు ఎంతకమ్ముదామమ్మా?"

లెక్కగట్టి చెప్తానన్నాను.
అవతల ఏళుమలై వేలు తీశాడు.
టేపు గరగరా వచ్చి
నా అరచేతిని కోసి
డబ్బాలో దూరింది.