కొలతరాయి

మూడు దినాల ముసురు.
పలమనేరు బస్సులు నిలిచిపోయినాయి.
పోయినేడు ఇట్లాంటి తుపానుకే
వంక ఎర్రగా పొంగి
మా కయ్యల మన్ను కూడా ఎత్తుకొని
గుడియాత్తం దాటిపోయె.
ఎండలు ముదరకముందే
ట్యాంకరు కాడ బిందెల కొట్లాట.

ఈయేడు కట్ట ఉంది.
నడుమ బంకమన్ను, పైన ఎర్రమన్ను,
రోలరు తొక్కిందే తొక్కిన కట్ట.
ఇంజనీరమ్మ పిడికెడు మన్ను పిసికి
ఉండ విరిగితే "ఇంకొంచెం తడపండి" అనేది,
సంగటి ముద్ద చూసినట్టు.

కట్ట లోపల మా మూడెకరాలు,
మా నాయన తవ్విన బావి.
ఆరు ఎండాకాలాలు, అరవై అడుగులు.
బండ, బండ కింద బండ.
ఆఖరి గంప పైకొచ్చినాక
ఆయన ఏమీ అనలేదు,
తాడు చుట్టుకొని ఇంటికొచ్చినాడు.
పరిహారం చెక్కు తీసుకున్న దినం
నేనూ ఏమీ అనలా.

రాత్రి టార్చి పట్టుకొని పోతిని.
నీళ్ళు చింతమొద్దు దాటి, పంపుసెట్టు గది దాటి,
బావి గట్టు కాడికొచ్చి
రవ్వంతసేపు తటపటాయించినాయి.
తర్వాత దూకినాయి.
ఎంతసేపో ఆ చప్పుడు.
సద్దు మణిగేదాకా
గొడుగు మడిచి నిలబడినా.

పొద్దున లస్కరు చెంగల్రాయులు
కొలతరాయి పక్క వంగి చూసి
తడిసిన పుస్తకంలో రాస్తున్నాడు:
నాలుగున్నర మీటర్లు.
"మొరవ పోతే రెండు కరువులకు సాలు" అన్నాడు.

రాసుకో చెంగల్రాయా,
మా బావిలోవి
అరవై అడుగులు వేరే.