కర్ర పలక

మా తాతమ్మ సమాధి మీద రాయి లేదు.
రాళ్ళ ఊళ్ళో అది వింతే.
వెర్మాంట్‌లో, బార్రె కొండవాలున ఉన్న ఆ శ్మశానంలో
శిల్పులు చచ్చాక కూడా పందేలు మానలేదు:
గ్రానైట్ రోజాలు, గ్రానైట్ లేసు అంచులు,
గ్రానైట్ కుర్చీలో కునుకు తీస్తున్న గ్రానైట్ మనిషి.
వాళ్ళందరి వెనక, కంచె వారన,
జానెడు వెడల్పు దేవదారు పలక.

పేరు ఎర్సీలియా.
కర్రారా పైనున్న కొండల్లో పుట్టింది.
అక్కడ దూరం నుంచి మంచులా మెరిసేది
పాలరాతి పొట్టు.
డిసెంబరులో ఇక్కడ రైలు దిగి
"ఇంత రాయి ఎవరు కొట్టారు?" అందట.
పిడికిట్లో పట్టుకుంటే కరిగిపోయింది.
అప్పుడు నవ్విందో, ఏడ్చిందో
మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

ఒరెస్తే షెడ్డులో అక్షరాలు చెక్కేవాడు.
పరాయివాళ్ళ పేర్లు, పరాయి తేదీలు,
చదవడం రాని భాషలో తప్పు లేకుండా.
చలికి తలుపులన్నీ బిగించేవారు;
గాలి ఉలి రేపిన దుమ్ముకి
మనుషుల్లోకి తప్ప దారి ఉండేది కాదు.
సాయంత్రం గడప బయట నిలబెట్టి
మొగుణ్ణి చీపురుతో ఊడ్చేది తాతమ్మ,
కనుబొమలు, చెవుల వెనక, మెడ మడతలు.
చీపురు అందినంత మేర.

నలభై నిండలేదు.
రాత్రిళ్ళు ఆ దగ్గు వింటుంటే
లోపల కూర్చుని ఎవరో
గడువు పని చేస్తున్నట్టుండేదట.

అతనికి రాయి ఉంది.
స్నేహితుడు బత్తిస్తా కూలి పుచ్చుకోకుండా చెక్కాడు,
మూలన విరిగిన కొమ్మ, దాని మీద ఒక్క ఆకు.
రెండేళ్ళకి బత్తిస్తా పోయాడు.
బత్తిస్తా రాయి చెక్కినవాడు ఆ మరుసటి వేసవిలో.
తాతమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.
"నా పేరు కోసం ఎవడూ దగ్గొద్దు" అంది.
అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నలుగురు పిల్లలు, ఆరుగురు అద్దెవాళ్ళు,
నేలమాళిగలో ద్రాక్ష పిప్పి కాచే రాగి కుండ.
మద్యం నిషేధమున్న రోజులు.
సీసాలు ఉయ్యాల్లో, వాటి మీద పరుపు,
పరుపు మీద మా అమ్మమ్మ దీనా.
పట్టుబడ్డ రోజు జడ్జి అడిగాడు: వృత్తి?
"వైధవ్యం" అంది.
గుమాస్తాకి ఆ మాటా అర్థం కాలేదు, పేరూ నోరు తిరగలేదు.
కాగితం మీద ఎల్సీ అయింది.
నెల రోజులు జైల్లో సాక్సులు అల్లింది.

మొదటి పలక మీద అమ్మమ్మ "ఎల్సీ" అనే రాసింది.
బ్యాంకులో ఉద్యోగం తనది,
వెల్లుల్లి వాసన తగలకుండా కోటు అరుగు మీద తగిలించేది.
రెండోదీ మూడోదీ మా అమ్మ లోరెయిన్ రాసింది,
అసలు పేరే, ఒక అక్షరం మింగేసి.
మంచూ వానా తింటాయి కదా,
పాతికేళ్ళకొకసారి మా తాతమ్మ
మాలో ఎవరి చేతనో మళ్ళీ పేరు రాయించుకుంటుంది.

ఈ అక్టోబరు వంతు నాది.
గరాజులో పలకని గరుకు కాగితంతో రుద్దుతుంటే
మా వాడు తియో అన్నాడు:
ఇప్పుడు నీళ్ళు పోస్తూ కోస్తారమ్మా, దుమ్మే లేవదు,
ఫోన్లో ఆర్డరిస్తే మంగళవారానికి రాయి వస్తుంది.
నిజమే. నా దగ్గర జవాబు లేదు.
ముక్కుకి కట్టుకున్న గుడ్డ సర్దుకుని
మళ్ళీ రుద్దాను.

పాత పలక పీకితే అడుగు మెత్తబడి చేతిలోనే విరిగింది.
తిప్పి చూస్తే వెనక పెన్సిలుతో అమ్మ రాత:
"చెక్క నాలుగు డాలర్లు. రంగు ఇంట్లోదే.
మోకాళ్ళు నొప్పి."

కొత్తదాని వెనక నేనూ రాశాను.
చెక్క పద్దెనిమిది. రంగు ఇంట్లోదే.
ముందువైపు మూడో అక్షరం కొంచెం కారింది,
తియో బొటనవేలితో తుడవబోయి
ఇంకా పాడుచేశాడు.