మిస్డ్ కాల్ హాజరు

పుష్యమాసం దాటకముందే
కోసిగిలో సగం తలుపులకు తాళాలు పడతాయి.
బొలెరోల నిండా బొంతలు, సట్లు, జొన్నపిండి మూటలు,
మూటల సందుల్లో ఇరుక్కుని మా తొమ్మిదో తరగతి.
ఇక్కడ దాన్ని వలస అనరు, సుగ్గి అంటారు,
పండగ పేరు పలికినంత తేలిగ్గా.

హాజరు పట్టీలో పదిహేడో నంబరు తిక్కస్వామి.
"తిక్కోడు" అని బడంతా పిలిచేది.
పిలిచినోళ్లలో నేనూ ఉన్నాను.
నిరుడు బోర్డు ముందు భిన్నాలు కూడలేక
సుద్దముక్కను వేళ్లతో పిండి చేస్తూ నిలబడితే
"నీ తలకాయలో ఏముండాది రా" అన్నాను.
వాడు నిజంగానే ఆలోచించి
"తెల్దు సార్" అన్నాడు.
క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను.
ఆ నవ్వు నాకింకా అరగలేదు.

ఈ ఏడు బొలెరో దగ్గరికి నేనే పోయాను,
ఆపడానికి కాదు.
ఆపితే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఎవరు కడతారు?
"ఎవరికాడ ఇడిసిపెట్టాల సార్, ఈన్ని?"
అంది వాళ్లమ్మ ఉసేనమ్మ, మూట ముడి బిగిస్తూనే.
నా చేత్తో రాసిన అరవై లెక్కల నోటుబుక్కు
వాడి చంకలో పెట్టాను. రోజుకొకటి.
వాళ్ల నాయన ఫోనులో డబ్బులుండవు,
అందుకని ఒప్పందమిది:
లెక్క వస్తే ఒక మిస్డ్ కాల్.
రాకపోతే రెండు. అప్పుడు నేను చేస్తాను.

వారం రోజులు ఫోను మూగగానే ఉంది.
ఎనిమిదో రాత్రి, రెండు.
చేశాను. కుక్కల అరుపు, పొయ్యి చిటపట, వాడి ఊపిరి.
లెక్క ఊసే లేదు.
"సార్, చేతులు మండుతాండాయి.
పెన్ను పట్టుకుని కండ్లు నలుపుకుంటే కండ్లు కూడా."
గుంటూరు మిరపచేను నా చెవిలో ఘాటెక్కింది.
నాలుగు రోజులు పుస్తకం ముట్టొద్దన్నాను,
కొబ్బరినూనె రాసుకోమన్నాను.
పద్దెనిమిదేళ్లుగా చెప్పిన పాఠాల్లో
అంత శ్రద్ధగా విన్న పాఠం ఇంకొకటి లేదేమో.

ఆ తర్వాత రెండు. మళ్లీ రెండు. మళ్లీ రెండు.
ఒకనాడు పుస్తకంలో లేని లెక్క వాడే తెచ్చాడు:
"ఆరు టిక్కీల కాయ సార్, కోసింది ఎనిమిది మంది.
తలకు ముప్పావు కదా? మేస్త్రీ అర అంటాండాడు."
"ముప్పావే."
"మరి అడిగేదా?"
నా చదువు అక్కడికే.
భిన్నం వాడి చేతిలో ఉంది, బాకీ మేస్త్రీ చేతిలో.
"మీ నాయనకు చెప్పు" అన్నాను.
పిరికి జవాబే. అబద్ధం మాత్రం కాదు.

మాఘం చివర, అన్నం ముందు కూర్చున్నప్పుడు
ఫోను ఒక్కసారి మోగి ఊరుకుంది.
రెండోదానికోసం చూశాను.
పప్పు చల్లారింది. మోగలేదు.

ఎర్రసిరాతో గైరు వేయాల్సిన గడిలో
పెన్సిల్‌తో చుక్క పెట్టడం అప్పుడే మొదలైంది.
"ఇదేందప్పా, చీమలు పాకినాయా?" అన్నారు హెడ్మాస్టరు.
"ఫోనులో వచ్చినాడు సార్."
ఆయన కళ్లద్దాలు తుడుచుకుని
పట్టీ నావైపుకు జరిపారు, ఏమీ అనలేదు.

ఇరవై రెండో నంబరు గోవిందమ్మకూ
అదే లెక్కలు, అదే ఒప్పందం.
ఆ ఫోను మొదటి రోజు నుంచీ స్విచాఫ్.
ఆమె గళ్లు ఖాళీగా ఉంచాను.
ఎర్రసిరా రాయడానికి చెయ్యి రాలేదు,
చుక్క పెట్టడానికి ముఖం లేదు.

ఉగాది వెళ్లిన పదో రోజు
తిక్కస్వామి చివరి బెంచీలో కనిపించాడు.
చొక్కా చేతులు మోచేతికి ఎక్కాయి,
గోళ్ల చుట్టూ చర్మం ఇంకా లేస్తోంది.
నేను పలకరించలేదు, వాడూ తలెత్తలేదు.
బోర్డు మీద భిన్నాలు రాసి "ఎవరికి రాలేదు?" అన్నాను.
ఒక్క చెయ్యీ లేవలేదు.

జేబులో ఫోను వణికింది.
ఆగింది.
మళ్లీ వణికింది.

సుద్దముక్క బల్ల మీద పెట్టి
చివరి బెంచీ వైపు నడిచాను.