ముప్పై ఎనిమిది స్తంభాలు

ముత్రా సముద్రపు ఒడ్డున
ఈ తొవ్వ నా కాళ్లకు కంఠపాఠం.
పొద్దుగాల నాలుగున్నరకు ఉరుకుడు,
ముప్పై ఎనిమిదో దీపస్తంభం ముట్టుకొని మర్లుడు,
ఏడింటికి లాండ్రీల
ఇస్త్రీ బల్ల ముందట నిలబడుడు.

మొదట్ల పదో స్తంభానికే
గుండె గొంతుల కొట్టుకునేది.
ఇప్పుడు ఎన్ని దాటినా
ఏం కొట్టుకుంటలేదు.
గదే బాధ.

నిన్న చేపల మార్కెట్ కాడ
మంచు పెట్టెలు దించుకుంట ఖమీస్ నవ్విండు:
"రోజు ఈడికెల్లి ఉరుకుతవు, మళ్ల ఈడికే వస్తవు,
ఏం మర్చిపోయినవు?"

రాత్రంతా ఆ మాట
బూటుల పడ్డ రాయి తీర్గ.

ఈ పొద్దు మర్లలే.
రియాం కాడ కుడి దిక్కు,
గుట్ట మీదికి పోయే మేకల తొవ్వ పట్టిన.
అడుగేస్తే గులకరాళ్లు జారుతయి,
ఉక్కపోత తడి తువ్వాల లెక్క మొఖానికి అంటుతది.
ఉరుకుడు కాదు, పాకుడే.
చేతి గడియారం ఆగమాగమైతాంది,
గింత మెల్లగ
అది నన్నెప్పుడు చూడలే.

సగం గుట్ట కాడ
మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగితే
కింద నా ముప్పై ఎనిమిది స్తంభాలు
బట్టల తీగెకు పెట్టిన క్లిప్పుల లెక్క.
గింతేనా!

గుండె గొంతుల కొట్టుకుంటాంది.
ఉన్నది, ఇంకా ఉన్నది.

కొన దాకా పోలే.
దిష్‌దాషాలు ఎదురుచూస్తుంటయి.

"కుంటుతున్నవేంది?" సేఠ్ అడిగిండు.
ఇస్త్రీ పెట్టె మీద నీళ్లు చిలకరించి,
బుస్సుమన్నంక చెప్పిన:
"శుక్రారం దాకా ఆగుండ్రి."