కడగని ఫోటో

పెండ్లిపిల్ల ఎవరైనా మా నాయిన ఒక్కటే మాట చెప్పేటోడు:
"పెదవులు కలుపు బిడ్డా, కండ్లతోని నవ్వు."
నల్లగొండ గడియారం కాడ
మెట్ల కింది మా స్టూడియోల
ముప్పై ఏండ్లు కండ్లతోనే నవ్వింది జిల్లా.

నా కాలానికి ఆ మాట అక్కర పడలే.
నవ్వనిచ్చి, తర్వాత తుడుస్త.
కంప్యూటర్ల ఒక మీట పెట్టుకున్న, పేరు "మల్లె".
నొక్కితే చాలు
పండ్ల మీది పసుపు, ఇటుకపొడి, తుప్పు
అన్నీ దిగిపోతయి.
మనిషిని అడిగేది లేదు. బిల్లుల రాసేది లేదు.

మొన్న మంగళారం అండాలు వచ్చింది
మర్రిగూడ దిక్కు నుంచి, రెండు బస్సులు మారి.
బడిపిల్లలకు వంట చేస్తదట.
సంచిలోంచి పాత రసీదు తీసి బల్ల మీద పెట్టింది.
మా నాయిన రాత. ఇరవై మూడేండ్ల కిందటిది.

"ముప్పై ఆరు తీసిండు, ముప్పై ఐదు ఇచ్చిండు.
గొడుగు లైటు పట్టుకున్న పిలగాడు
తలంబ్రాల పళ్లెంల కాలు పెట్టి పడ్డప్పుడు
పడీ పడీ నవ్విన.
అదొక్కటి కడగలే మీ నాయిన."

ఆ పిలగాణ్ని నేనే. చెప్పలే.

"అంతా నలుపు తెలుపు చెయ్యి. ఒక్కదానికి రంగు ఉంచు."
చీర అనుకున్న. అందరూ అడిగేది అదే,
చీర, గులాబి, చంటోని చేతిల బుగ్గ.
"చీర ఎందుకయ్యా, అది అప్పుది."
పుస్తెలా అక్కా?
"అవి బ్యాంకుల ఉన్నయి.
పండ్లు ఉంచు."

రెండు దినాలు దేవులాడిన.
బీడీకట్టల లెక్క రబ్బరేసిన నెగెటివుల నడుమ
దొరికింది.

రంగు తియ్యడం ఎంతసేపు.
చీర పోయింది, పందిరి మామిడాకులు పోయినయి,
మల్లెలకు పోయేదేం లేకపాయె.
పెండ్లికొడుకు బూడిదరంగుల నిలవడ్డడు
పెదవులు కలిపి.
ఇగ నోటి కాడ పని.
బ్రష్షు ఇంత జరిగితే చిగురు ఎర్రగ బయటపడుతది,
చెరిపి మళ్ల, చెరిపి మళ్ల.
నాలుగింతలు పెద్దగ చేస్తే
పన్ను పన్నుకు అడ్డగీతలు,
బోరేస్తుంటే పైకొచ్చే మట్టి తీరు:
సున్నం, చెలక, తుప్పు, మళ్ల చెలక.
ఈ ముదురు గీత బడి కాడి బోరింగుదయి ఉంటది.
దాని పక్క తెల్లది?
ఆ ఏడు వాన పడి బాయినీళ్లు తాగిన్రేమో.
నాకు తెల్వది.
నా ముందరి పన్ను మీద గూడ అసుంటిదే ఒకటున్నది.
పన్నెండేండ్ల సంది తుడుస్తున్నదాన్ని
ఇంత దగ్గర నుంచి ఎన్నడూ చూడలే.

శుక్రారం వచ్చింది. చూసింది.
చానాసేపు ఏమనలే.
తర్వాత "ఎడమ కోర ఇంకింత ముదురుంటది" అని
పెదవి లేపి చూపెట్టింది.
సరిచేసిన.
రెండొందలు తగ్గించమన్నది, తగ్గించిన.
"ఫ్రేము నల్లది వద్దు, చావు ఫోటోనా ఇది?"
యాడ పెడతవు అక్కా?
"వంటింట్ల. కృష్ణ నీళ్ల నల్ల వచ్చింది గదా,
దాని మీద.
అది చూడాలె."

ఆమె పోయినంక చండూరు పెండ్లి ఆల్బం తెరిచిన.
మూడొందల నలభై ఫోటోలు.
మొదటిదాంట్లనే పిల్ల నోరారా నవ్వుతున్నది.
వేలు "మల్లె" మీదికి పోయింది, అలవాటు.
తీసి, ఫోన్ చేసిన.

రింగయితున్నది.
ఎట్ల అడగాల్నో ఇంకా అనుకోలే.