చిల్లర

ఆదివారం చిలకలగూడ మందిరంల
పాస్టరయ్య అడిగిండు:
"ఈ వారం ఎంతమందికి చెప్పిన్రు?"
ముందు బెంచీల చేతులు లేచినయి.
దానమ్మక్క ముగ్గురికన్నది,
కాలేజీ పిల్లగాడు ఒకడు పదకొండన్నడు.
నా చెయ్యి ఒళ్లనే ఉండిపోయింది,
టికెట్ మిషన్ మోసి మోసి
బొటనవేలు కాడ కాయ కాసిన చెయ్యి.

నా సంచిల కరపత్రాలు ఉన్నయి, అబద్ధమెందుకు.
పోయిన క్రిస్మస్‌కు ఇచ్చిన కట్ట,
రబ్బరు బ్యాండు కూడ ఇప్పలే.
డ్యూటీల పంచొద్దని డిపోల రూలు.
రూలు లేకున్నా పంచేదాన్నో లేదో
నాకే తెల్వదు.

సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్,
అఫ్జల్‌గంజ్ నుంచి సికింద్రాబాద్.
పొద్దంత నా నోట్లకెళ్లి వచ్చే మాటలు ఇవే:
జరగండి, లోపలికి జరగండి.
చిల్లర తియ్యండి.
ఫుట్‌బోర్డు మీద ఎవరది?
ఇండ్ల సువార్త ఏడున్నదో మీరే చెప్పండి.

బాకీ చిల్లర టికెట్ ఎనక రాస్త.
దిగేటప్పుడు అడుగుడు మర్చిపోతరు మనుషులు.
కొత్తల ఆ మరుపు మీదనే
నా చాయ్ ఖర్చు ఎల్లేది.
ఆ సంగతి దేవునికి చెప్పిన, ఇంట్ల చెప్పలే.
ఇప్పుడు దిగేటోళ్లను నేనే పిలుస్త,
"నీలం షర్టు తమ్ముడూ, నీ ఐదు రూపాయలు!"
కొందరు తిరిగి చూసి నవ్వుతరు.
కొందరు చెవుల్ల వైర్లు పెట్టుకొని
పోతనే ఉంటరు.
ఇది మీ లెక్కల రాసుకోవచ్చునా, పాస్టరయ్యా?

అసలు చెప్పాల్సింది ఇంకోటున్నది.

పోయిన బుధవారం, ఆఖరు ట్రిప్పు, వాన.
రాణిగంజ్ కాడ ముసలాయన ఎక్కిండు,
నెత్తి మీద యూరియా సంచి కప్పుకొని.
జేబులు తడుముకున్నడు.
ఒకటి చినిగిన జేబు.
రెండోదాంట్ల తడిసిన బీడీకట్ట.
ట్యాంక్‌బండ్ మీద చెకింగోళ్లున్నరని
అప్పుడే ఫోనొచ్చింది.
ఆ నెల నా మీద ఇదివరకే ఒక మెమో.
"దిగు తాతా" అన్న.
ఇంకోసారి గట్టిగన్న.
బస్సంతా ఇన్నది.
గంట తాడు గుంజిన.

బస్సు ఆగలే.
డ్రైవర్ ఖైసర్ భాయ్ ఎనక్కి తిరగలే,
ఒక్క మాట అనలే.
వైపర్ అటూ ఇటూ కొట్టుకుంటనే ఉన్నది.
సీటు పక్కకెళ్లి ఒక చెయ్యి ఎనక్కి వచ్చింది,
రెండు వేళ్ల నడుమ ఇరవై నోటు.
పదిహేను టికెట్ కొట్టిన.
ఆ మిషన్ చప్పుడు అంత పెద్దగ ఉంటదని
పదమూడేండ్ల సర్వీసుల అప్పుడే తెలిసింది.

అఫ్జల్‌గంజ్‌ల ముసలాయన దిగుకుంట
నాకు దండం పెట్టిండు.
నాకు కాదు తాతా అని చెప్పబోయిన.
నోరు రాలే.
డిపోల ఖైసర్ భాయ్‌కి పైసలియ్యబోతే
"ఏ ఇరవై, సూసన్నమ్మా?" అని
టిఫిన్ డబ్బా కడుక్కోను పోయిండు.
నిజంగనే మర్చిపోయిండో ఏమో.

పాస్టరయ్యా, ఆ రాత్రి నేను కూడ చెప్పినట్టే.
దిగు తాతా, అని చెప్పిన.
నలభై మంది ఇన్నరు.
కాలేజీ పిల్లగాని పదకొండు కంటే
నాదే ఎక్కువ.

మందిరంల ఇదంత చెప్పలే.
చివరి పాట అయినంక
చెప్పులు ఏసుకొని ఇంటికొచ్చిన.

ఆ టికెట్ ఎనక బాకీ రాసుడు మర్చిపోయిన.
ఐదు రూపాయల బిళ్ల
సంచిల చిన్న అరల పెట్టిన, ఏరే.
అది ముసలాయనదో, ఖైసర్ భాయ్‌దో,
ఎవరిదో తేలలే.
మాటిమాటికి తడిమి చూసుకుంటున్న.

ఇప్పుడు రాణిగంజ్ రాంగనే
డోర్ కాడికి వస్త.
వానల అందరి మొకాలు ఒక్కతీరే కొడతయి,
ఏ సంచి కింద ఎవరున్నరో తెల్వదు.
మెట్టు మీదికెళ్లి చెయ్యి చాపి అంట,
ఎక్కండి, జాగున్నది.

లేకున్నా అంట.